అప్పగింత లేని మూడో భాగం

మా ఇంటి ముందు వాటా కంప్యూటర్ సెంటరుకి అద్దెకిచ్చేనాటికి నాకు అరవై దాటాయి. అమలాపురం బస్టాండు వెనక సందులో ఉండేది ఇల్లు. తొమ్మిది కంప్యూటర్లు, ఒక ఏసీ, చెప్పులు బయట విడవమని గోడకి ఒక కాగితం. పొద్దున ఇంటర్నెట్టు, సాయంత్రం ఆటలు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని వచ్చినవాళ్ళ పేరు, ఊరు, టైము రిజిస్టరులో రాయడం నా పని. ఎవరూ చెప్పలేదు, నేనే అడిగి పుచ్చుకున్నాను. యాభై దాటాక అక్షరాలు నేర్చినవాడికి రాసే పని దొరికితే వదులుకుంటాడా?

అంతకుముందు నా బతుకంతా గునపం మీద కొబ్బరికాయలు ఒలవడంతోనూ, ఊళ్ళ జాతర తీర్థాల్లో నాటకాలతోనూ గడిచింది. పద్యాలన్నీ హార్మోనియం మేష్టారు పాడితే విని పట్టుకున్నవే. నాది దేవుడి వేషం. అయితే మొత్తం దేవుణ్ణి కాదు. మా నాటకాల్లో దేవుడు ఒక్కడితో సరిపోదు. మొదటి అంకానికి ఒకటో దేవుడు, తరవాత రెండో దేవుడు, చివర మూడో దేవుడు. ముగ్గురు మనుషులు, ఒకటే కిరీటం. నేను రెండో దేవుణ్ణి.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఇంటర్ రెండో ఏడు చదువుతున్న మా మనవరాలు ఒక కంప్యూటర్ ఆట గురించి నాతో పోట్లాడిన పోట్లాటలో నేను ఓడిపోయాను. ఆ ఓటమి మంచిదే అయింది.

ఆటలో ఒక అమ్మాయి. చేతిలో లాంతరు. వరదలో మునిగిన పట్నంలో జనాన్ని వెతికి గట్టుకి చేరుస్తుంది. మొదటి భాగంలో ఒక కుక్కపిల్ల కోసం మెడలోతు నీళ్ళలో వెనక్కి వెళ్తుంది. రెండో భాగంలో ఆమెకి తోడుగా ఒక పడవవాడు చేరతాడు. మునిగిన ఇళ్ళు దోచుకునే ముఠా అతన్ని కొడితే వంతెన మీద అతని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. అక్కడికి రెండో భాగం అయిపోతుంది. ఏడాది ఎదురుచూశాక మూడో భాగం వచ్చింది. అందులో పడవవాడు ఎదురుపడితే ఆ పిల్ల, "నువ్వెవరో నాకు తెలీదు" అనేసి నడిచి వెళ్ళిపోతుంది.

అంతే, మా సెంటరు రెండు ముక్కలైంది. ఒక పక్క మా మనవరాలు. రెండో పక్క ఐనవిల్లి నుంచి బస్సులో వచ్చే డిగ్రీ కుర్రాడు. మా గోదావరి జిల్లాలో పోట్లాడుకునేటప్పుడు కూడా అండీ వదలం.

"కుక్కపిల్ల కోసం వెనక్కొచ్చిన మనిషండీ ఆవిడ! అంత మాట అనేసి వెళ్ళిపోద్దా?" అనేది మా పిల్ల.

"మనుషులు మారతారండీ. మీరు ఎల్‌కేజీలో ఎలా ఉన్నారో ఇప్పుడూ అలాగే ఉన్నారా?"

"మారేను. మారేనని మా అమ్మని చూసి నువ్వెవరని అడగలేదు కదండీ!"

"కంపెనీలో రాసేవాళ్ళు మారేరంటండీ. కొత్తవాళ్ళు వాళ్ళకి నచ్చినట్టు రాసుకుంటారు."

"రాసుకోమనండి. ముందు పాత రెండు భాగాలూ ఆడి రమ్మనండి!"

సెంటరు నడిపే ఆయన ఆ మాటకీ "ఆయ్" అనేవాడు, ఈ మాటకీ "ఆయ్, మరేనండీ" అనేవాడు. ఇద్దరూ ఖాతాదారులే మరి.

ఇలాంటి వాదన దేశదేశాలవాళ్ళూ చేసుకునే చోటొకటి ఇంటర్నెట్టులో ఉందట. మా పిల్ల అక్కడ తన వాదన ఇంగ్లీషులో రాసింది. మర్నాడు చూస్తే కింద ఎవడో, ముందు ఇంగ్లీషు నేర్చుకుని తరవాత మాట్లాడమన్నాడు. ఇంకో నలుగురు నవ్వుతున్న మొహాలు పెట్టారు. పిల్ల బయటికి వచ్చి నా కుర్చీ పక్కన అరుగు మీద కూర్చుంది.

"ఇంక రాయను తాతా. ఇక్కడా రాయను, ఎక్కడా రాయను" అంది.

నేను ఓదార్చే రకం కాదు. "బొమ్మ కోసం ఏడుపేంటే? మా నాటకంలో ముగ్గురు దేవుళ్ళు. ఒకడు పొట్టి, ఒకడు పొడుగు, మూడోవాడికి బానపొట్ట. జనం దణ్ణం పెట్టేరు గానీ, నువ్వు ఇందాకటి దేవుడివేనా అని అడిగేరా?"

"అడిగేరు" అంది కళ్ళు తుడుచుకుంటూ. "నిన్నే అడిగేరు. నాయనమ్మ చెప్పింది."

మా ఆవిడ ఆ సంగతి కూడా చెప్పేసిందన్నమాట.

జరిగింది ఇది. దేవుడు మారేటప్పుడు తెర వెనక మాకొక పద్ధతి ఉండేది. ఒకటో దేవుడు లోపలికి వచ్చి కిరీటం తీసి నా చేతిలో పెడుతూ ఒక్క ముక్క చెప్పేవాడు. "నవ్వుతా వదిలేనండి" అనో, "కోపంగా వదిలేనండి, కాసేపు చల్లారనివ్వండి" అనో. దాన్ని అప్పగింత అనేవాళ్ళం. దాన్ని బట్టే నేను తెర దాటేవాణ్ణి. ఒకసారి ఒక తీర్థంలో ఒకటో దేవుడికి ఇంకో ఊళ్ళో కూడా నాటకం ఉంది. వ్యాను కదిలిపోతోందని కిరీటం కుర్చీలో పడేసి పరుగెత్తాడు. నేను రంగు పూయించుకుంటూ అతని అంకం వినలేదు. దేవేరి మీద అలిగి, ఈ జన్మలో నీతో మాట్లాడనని ఒట్టు పెట్టి వెళ్ళాడట మహానుభావుడు. నేను మురిసిపోతూ వెళ్ళి ఆవిడ గడ్డం పట్టుకున్నాను. ముందు వరసలో గోనెసంచి మీద కూర్చున్న ముసలమ్మ లేచి నిలబడింది. "ఇప్పుడే కదయ్యా మాట్టాడనని ఒట్టేసేవు! నీకు మతుందా, లేదా?" అని గట్టిగా అడిగింది. పందిరంతా నవ్వింది. ఆ తరవాత నేను పాడిన పద్యం నాకే వినబడలేదు.

ఆ అరుగు మీద నాకు తెలిసింది, మా పిల్లా ఆ ముసలమ్మా ఒకటే అడుగుతున్నారని. మొహం మారినా, గొంతు మారినా, పొట్ట పెరిగినా జనం సర్దుకుపోతారు. మనసు మారితే మాత్రం ఎందుకు మారిందో చెప్పాలి. చెప్పకుండా దాటేస్తే తమని లెక్కచెయ్యలేదని వాళ్ళకి కోపం. ఆ కోపం న్యాయమే.

"సరే, నీదే రైటు" అన్నాను. "వాళ్ళు అప్పగింత చెయ్యలేదు. ఆ అప్పగింతేదో నువ్వు రాయి. రెండో భాగం వంతెన మీంచి మూడో భాగం దాకా ఆ పిల్లకి ఏం జరిగిందో రాయి."

"మళ్ళీ నవ్వుతారు తాతా."

"నవ్వుతారు. నేను చర్చి వెనక షెడ్డులో పెద్దాళ్ళ రాత్రిబడికెళ్ళి మొదటిసారి పాఠం పైకి చదివినప్పుడు నా పక్కవాడు నవ్వేడు. వాడికీ రాదు చదవడం, అయినా నవ్వేడు. నెల్లాళ్ళు పలక ముట్టలేదు నేను. ఆ నెల్లాళ్ళూ వాడు ముందుకెళ్ళిపోయేడు. నష్టం ఎవడికే?"

అది లేచి వెళ్ళి నోటు పుస్తకం తెచ్చుకుంది.

తెలుగులో రాయడానికి వారం పట్టింది. ఇంగ్లీషు కోసం నేను ఐనవిల్లి కుర్రాణ్ణే పట్టుకున్నాను. అతనిది మంచి ఇంగ్లీషని అందరూ అనేవారు. పేరు రిజిస్టరులో రాస్తూ అడిగితే కాసేపు తల గోక్కున్నాడు.

"ఆవిడ వాదన తప్పని నా అభిప్రాయమండీ. అయితే తప్పు వాదన కూడా మంచి ఇంగ్లీషులో ఉండాలి కదండీ. చూస్తాను."

నాలుగు సాయంత్రాలు ఇద్దరూ ఒకే కంప్యూటరు ముందు కూర్చున్నారు. అతను మాటలు దిద్దితే ఊరుకునేది. సంగతి దిద్దబోతే కీబోర్డు లాక్కునేది.

అది రాసిన కథ ఇది. వంతెన మీద పడవవాడే ఆ పిల్లచేత మాట తీసుకుంటాడు. మనిద్దరం ఒకటని ముఠాకి తెలిస్తే ఇద్దర్నీ చంపుతారు, ఎక్కడ కనబడినా నేనెవరో తెలీదనమంటాడు. అంటే మూడో భాగంలో ఆమె అతన్ని వదిలెయ్యలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. విన్నాక ఐనవిల్లి కుర్రాడు, "ఒప్పుకోనండీ. కానీ బాగుంది" అన్నాడు.

కథని ఇంటర్నెట్టులో అదే చోట పెట్టేశారు. మొదటి రోజు జవాబేమీ రాలేదు. రెండో రోజూ రాలేదు. పిల్ల కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడిచి లోపలికి వెళ్ళడం, నా మొహం చూడకుండా తిరిగి రావడం. నన్ను నేనే తిట్టుకున్నాను. ఈసారి నవ్వితే ఇది మళ్ళీ కలం పట్టదు, పట్టించినవాణ్ణి నేను.

మూడో రోజు లోపలినుంచి కేక. "తాతా! తప్పంటున్నాడు!"

వెళ్ళి చూస్తే దాని మొహం వెలిగిపోతోంది. ఏ దేశంవాడో, తెర నిండా రాశాడు. ఇంగ్లీషు గురించి ఒక్క మాట లేదు. మొత్తం లాంతరు పిల్ల గురించే. అంత ప్రేమున్న మనిషి పది అడుగులు వేశాకైనా ఒక్కసారి వెనక్కి తిరిగి చూడదా, చూడలేదు కాబట్టి నీ కథ కుదరదు అని వాడి వాదన. మా పిల్లని తనతో సమానమైన మనిషిగా లెక్కచేసి, కూర్చుని, వేళ్ళు నొప్పెట్టేలా పోట్లాడాడు.

"నేను ముందే అన్నాను కదండీ ఈ పాయింటు!" అన్నాడు ఐనవిల్లి కుర్రాడు సంబరంగా.

"మీరు ఆగండి!" అంది మా పిల్ల. జవాబు మాత్రం దానికీ తట్టలేదు.

నాకు తట్టింది. దుఃఖం దాచుకుని నవ్వాల్సిన ఘట్టాలు నేను ఎన్ని చేశాను! దాగనప్పుడు ఏం చేసేవాణ్ణి? జనానికి వీపు పెట్టి కిరీటం సర్దుకునేవాణ్ణి. తిరిగితే మొహం అంతా చెప్పేస్తుంది. "వెనక్కి చూస్తే దొరికిపోద్దని చూడలేదే ఆ పిల్ల! ఆ మాత్రం తెలీదా వాడికి? వేషం కట్టినవాణ్ణి అడగమను!"

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"తాతా, ఇది నువ్వే చెప్పాలి. చెప్పు, నేను టైపు కొడతాను."

"చెప్పడమెందుకు, రాస్తాను. కాగితం ఇయ్యి. నువ్వు ఇంగ్లీషు చెయ్యి. ఆయన దిద్దుతారు."

"ఈసారి సంగతి కూడా ఒప్పుకుంటున్నానండీ" అన్నాడు ఐనవిల్లి కుర్రాడు.

పేరు రాయకుండా ఎవర్నీ లోపలికి పంపే అలవాటు నాకు లేదు. గుమ్మం దగ్గరికి వచ్చి రిజిస్టరులో నా పేరు, ఊరు, టైము రాసుకున్నాను. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాను.