నాలుగు మీటర్లు, పది చొక్కాలు

కుట్టుమిషన్ మీద ముప్పై ఏళ్లు గడిపిన దర్జీ పెద్దమ్మ దగ్గరికి, టీచరుగా పనిచేసే చెల్లెలి కూతురు మొహం వేలాడేసుకుని వచ్చింది.

"ప్రపంచ సంపదలో దాదాపు ముప్పావు వంతు పదిమందిలో ఒక్కరి చేతిలోనే ఉందని చెప్పాను, పెద్దమ్మా. పిల్లలు ఆవలించారు."

"అంకెలు వింటే నాకూ నిద్రొస్తుందే. ఉండు," అంటూ ఆవిడ నాలుగు మీటర్ల గుడ్డ తీసింది. మూడు మీటర్లతో ఒకే చొక్కా, మిగిలిన మీటరుతో తొమ్మిది చొక్కాలు కుట్టింది.

మర్నాడు క్లాసులో పెద్ద చొక్కా తొడుక్కున్న పిల్ల దాని అంచు తొక్కి తూలింది. చిన్నవాటిలో ఎవరికీ చెయ్యి కూడా దూరలేదు. అందరూ పగలబడి నవ్వారు.

"ఇలా ఎవరు పంచారు టీచర్?" అని ఇంకో పిల్ల అడిగేసరికి నవ్వులు ఆగాయి. ఆపైన గంట కొట్టేదాకా ప్రశ్నలే ప్రశ్నలు.

చివరి బెంచీలో కూర్చుని వింటున్న పెద్దమ్మ మురిసిపోయింది.