అన్నయ్య ఇంగ్లీషు, వాళ్ళ నవ్వు

మొన్న శనివారం నార్త్ యార్క్‌లో మా మేనల్లుడి కాండోలో భోజనాలయ్యాక, వాడు సోఫాలో జారగిలబడి, రిమోట్‌తో టీవీలో ఏవేవో బొమ్మలు జరుపుకుంటూ పోతూ ఒకచోట ఆగాడు. తెర మీద ఒక పాతకాలపు ఇంగ్లండు ఇల్లు, చెక్క మెట్లు, మెట్ల కింద గొడుగులు పెట్టే స్టాండు, దాని పక్కన నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఇంటి యజమానురాలు. పాతికేళ్ళుగా నేను ఆ మెట్లను చూడలేదు, అయినా చూడగానే గుర్తుపట్టాను. కథ మొదలయ్యే ముందు నల్లటి తెర మీద తెల్లటి అక్షరాల్లో ఒక హెచ్చరిక వచ్చింది. ఇది వెనకటి రోజుల్లో తీసినదనీ, ఇందులో కొందరిని చూపిన తీరు ఈనాటి విలువలకు తగదనీ దాని సారాంశం.

"అత్తా, డాడ్ యూజ్‌డ్ టు టేప్ దిస్, రైట్? మామ్ చెప్పింది. వాజ్ ఇట్ యాక్చువల్లీ ఫన్నీ?" అని అడిగాడు వాడు.

మా అన్నయ్య అప్పుడు నా పక్కనే ఉన్నాడు. చేతిలో నిండా నీళ్ళున్న గ్లాసు పట్టుకుని, నీళ్ళు తెచ్చుకుంటానంటూ లేచి వంటగదిలోకి వెళ్ళిపోయాడు.

మేనల్లుడికి ఆ గ్లాసు సంగతి పట్టలేదు. నా ఈడు వాళ్ళు, ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో బేస్‌మెంట్లలో కాపురాలు చేసినవాళ్ళు మాత్రం అర్థం చేసుకుంటారని ఇది రాస్తున్నాను.

అప్పట్లో మేం బ్రాంప్టన్‌లో ఒక పంజాబీ కుటుంబం ఇంటి కింద బేస్‌మెంటులో ఉండేవాళ్ళం. అన్నయ్య, వదిన, ఇంకా పాకుతున్న మా మేనల్లుడు, నేను. గరాజ్ సేల్‌లో పాత సామానుగా కొన్న టీవీకి అన్నయ్య యాంటెన్నా తగిలించి, కిటికీ దగ్గర దాన్ని ఎంత వంచితే ఏ చానల్ వస్తుందో కనిపెట్టాడు. వచ్చిన కొద్ది చానళ్ళలో ఒకటి శనివారం సాయంత్రాలు ఇంగ్లండు కార్యక్రమాలు వేసేది. ముందు ఒక క్విజ్, దాని వెనకే ఈ మెట్ల ఇంటి హాస్యనాటిక. క్విజ్ నాది, నాటిక అన్నయ్యది అని మాలో మేం పంచుకున్నాం.

క్విజ్‌లో ఒక లెక్కల ఘట్టం ఉండేది. కొన్ని అంకెలు ఇచ్చి, వాటిని కూడో, తీసో, హెచ్చించో, భాగించో ఒక పెద్ద అంకె రాబట్టమనేవాళ్ళు. లెక్కలు నాకు పద్ధతిగా ఎవరూ నేర్పలేదు. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, ఎదురింటి బట్టల కొట్టువాళ్ళకు గజాలు, బేళ్ళు నోటితో లెక్కగట్టి చెబుతూ నాకు నేనే పట్టుకున్న విద్య అది. చాలాసార్లు గడువు గంట మోగకముందే జవాబు నా నోట్లో ఉండేది. అన్నయ్య చంకలో పిల్లవాణ్ణి ఎగరేస్తూ "చూశావురా, మీ అత్త ముందు ఇంగ్లండు రాణి కూడా పనికిరాదు" అనేవాడు. గంట మోగినా ఎవరికీ జవాబు రాని రోజున, కార్యక్రమం నడిపే పెద్దాయన పలక దగ్గరికి వెళ్ళి, దాన్ని ఎలా చెయ్యాలో తీరిగ్గా రాసి చూపించేవాడు. ఆ రాసే క్షణం నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎవరూ చెయ్యలేకపోయినా సరైన జవాబంటూ ఒకటి ఉందని తెలియడంలో ఒక నెమ్మది ఉండేది.

ఇక అన్నయ్య నాటిక. ఆ ఇంట్లో అద్దెకుండే రకరకాల మనుషుల్లో ఒకడు మన దేశంవాడు. నిజానికి మొహానికి గోధుమరంగు పూసుకున్న తెల్లవాడు. వాడు తల ఊపుతూ, చేతులు జోడిస్తూ, పుస్తకాల్లోని బరువైన ఇంగ్లీషు మాట్లాడుతూ, ఎవరు తిట్టినా "మోస్ట్ గ్రేట్‌ఫుల్, సర్" అనేవాడు. అనగానే టీవీలోపలి జనం గొల్లున నవ్వేవాళ్ళు. అంకెల మీద ఉండే ధ్యాస వల్లనో ఏమో, నేను కొన్ని వారాలు ఆ నవ్వు ఎక్కడెక్కడ వస్తుందో గమనించాను. మిగతావాళ్ళు ఏదన్నా తెలివితక్కువ పని చేస్తే నవ్వు వచ్చేది. ఇతను నోరు తెరిస్తే చాలు, వచ్చేది. అతను సరైన మాట అన్నా అదే నవ్వు. ఏడు తొమ్మిదులు ఎవరు చెప్పినా అరవై మూడే అయ్యే క్విజ్ నుంచి, ఎవరు చెప్పారన్నదాన్ని బట్టి విలువ మారే నాటికలోకి ఒక్క నిమిషం వ్యవధిలో వెళ్ళడం నాకు ఇబ్బందిగా ఉండేది. అన్నయ్య మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవాడు.

ఆ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. ఇక్కడికి రాకముందు మా అన్నయ్య నరసాపురం దగ్గర మిషన్ స్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. ఆయన క్లాసులో మాట్లాడే ఇంగ్లీషు, తెల్లదొరల కాలంలోంచి చెక్కుచెదరకుండా వచ్చిన ఇంగ్లీషు. అంతకుమించి, మా సంఘంలో క్రిస్మస్ నాటకం వేసిన ప్రతి ఏడూ ఆయనే హాస్యపు గొర్రెల కాపరి. ఆ వేషానికి మా దగ్గర ఒక హక్కు ఉండేది. దేవదూత కనబడక ముందు, చలిమంట దగ్గర కూర్చుని, ఆ కాపరి పాస్టరుగారి దగ్గునీ, సంఘపెద్దల నడకనీ, హెడ్‌మాస్టారి నసుగుడునీ అచ్చుగుద్దినట్టు చేసి చూపించవచ్చు. ఎవరికీ కోపం రాదు. మర్నాడు ఆ పెద్దలే పిలిచి, "ఏరా, నన్ను భలే దింపేశావే" అంటూ పక్కన కూర్చోబెట్టుకుని భోజనం పెట్టేవాళ్ళు. నవ్వించినవాడు పంక్తిలో మనిషి అన్నది మా ఊళ్ళో నిజం. అన్నయ్య దాన్ని పెట్టెలో సర్దుకుని సముద్రాలు దాటించాడు.

ఇద్దరం ఒకే వేర్‌హౌస్‌లో పనిచేసేవాళ్ళం. ఆయన లారీల నుంచి పెట్టెలు దించేవాడు, నేను సరుకు లెక్క చూసేదాన్ని. మొదటి క్రిస్మస్‌కి లంచ్‌రూమ్‌లో విందు పెట్టి, ఎవరికి వచ్చింది వాళ్ళు చెయ్యమన్నారు. అన్నయ్య లేచి, ఊళ్ళో అలవాటు కొద్దీ, మా మేనేజర్ కాఫీ కప్పు పట్టుకుని నడిచే తీరు, ముక్కుతో మాట్లాడే తీరు చేసి చూపించాడు. ఎంత బాగా చేశాడంటే నాకే భయం వేసింది. గదిలో ఒక్కరూ నవ్వలేదు. మేనేజర్ పెదాలు మాత్రం సాగదీశాడు. ఆ నిశ్శబ్దం భరించలేక, అన్నయ్య గభాలున చేతులు జోడించి, తల ఊపుతూ, టీవీలోని ఆ అద్దె మనిషి గొంతుతో "మోస్ట్ గ్రేట్‌ఫుల్, సర్!" అన్నాడు. గది నవ్వులతో పేలిపోయింది. మేనేజర్ బల్ల మీద చెయ్యి కొట్టి మరీ నవ్వాడు.

ఇంటికి వచ్చాక వదినతో ఎంత సంబరంగా చెప్పాడో. "నవ్వించేవాణ్ణి ఎవరూ గెంటెయ్యరే. చూస్తూ ఉండు."

ఆ మర్నాటి నుంచి అది ఆయన పని అయిపోయింది. లారీల సరుకు దించే డాక్ మీద ఎవరికి విసుగు పుట్టినా "డూ ద గై, మ్యాన్, డూ ద గై!" అని కేకేసేవాళ్ళు. నడుం నొప్పితో వంగలేని రోజు కూడా చేసేవాడు. శనివారం షిఫ్టు పడితే, కొత్త మాటల కోసమని నాటికను టేప్ చెయ్యమని వదినకు అప్పజెప్పేవాడు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒక ముసలి సర్దార్జీ మాత్రం ఎప్పుడూ నవ్వేవాడు కాదు. ఆయన ఇక్కడికి రాకముందు చాలా ఏళ్ళు ఇంగ్లండులో ఒక ఫ్యాక్టరీ ఊళ్ళో ఉన్నాడు. ఒకరోజు నా బల్ల దగ్గర బండి ఆపి, "సిస్టర్, మీ బ్రదర్‌ని ఆపమని చెప్పు. ఆ షో వచ్చిన మర్నాడల్లా స్కూల్ దగ్గర అవే మాటలతో మా పిల్లల్ని తరిమేవాళ్ళు" అని హిందీలో చెప్పి వెళ్ళిపోయాడు. నేను అన్నయ్యకు చెప్పాను. "ఆయన కాలం వేరే, ఆ దేశం వేరే. వీళ్ళు మంచివాళ్ళే" అని కొట్టిపారేశాడు.

మూడో ఏడు వసంతంలో షిఫ్ట్ సూపర్‌వైజర్ ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. డాక్టరు అప్పటికే అన్నయ్యను బరువులు ఎత్తవద్దన్నాడు. ఎత్తకపోతే ఇల్లు గడవదు. ఆ ఉద్యోగం వస్తే ఆయన ఆఫీసులో కూర్చుని, రిపోర్టులు రాసి, డ్రైవర్లతో, కస్టమర్లతో మాట్లాడాలి. అంటే ఇంగ్లీషు. అంటే, ఈ దేశం వచ్చాక మొదటిసారి, ఆయనకు నిజంగా వచ్చిన పని. వదిన ప్రార్థన చేసుకుంది. అన్నయ్య వారం రోజులు అద్దం ముందు నిలబడి జవాబులు అప్పజెప్పుకున్నాడు. టై కట్టుకుంటుంటే పిల్లవాడు దాన్ని పట్టుకుని లాగుతున్నాడని నవ్వుకున్నాం.

నా బల్ల మేనేజర్ గదికి ఎదురుగా ఉండేది. తలుపు పూర్తిగా వెయ్యలేదు. లోపల మేనేజర్, పక్కన హెచ్‌ఆర్ ఆమె. అన్నయ్య కూర్చుని, గొంతు సవరించుకుని, క్లాసులో పాఠం మొదలుపెట్టే గొంతుతో "సర్, మేడమ్, ఐ యామ్ మోస్ట్ గ్రేట్‌ఫుల్ ఫర్ దిస్ ఆపర్చునిటీ" అన్నాడు.

ఇద్దరూ పకపకా నవ్వారు.

ఆయన ఆగాడు. మర్యాదగా ఎదురు చూశాడు. నవ్వు తగ్గాక, "ఐ యామ్ స్పీకింగ్ ఇన్ ఆల్ సీరియస్‌నెస్, సర్" అన్నాడు. ఈసారి హెచ్‌ఆర్ ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఓకే, ఓకే," అన్నాడు మేనేజర్ ఊపిరి పీల్చుకుంటూ, "దట్స్ గోల్డ్. నౌ ఫర్ రియల్, బడ్డీ."

అసలు గొంతుతో మాట్లాడమన్నారు. ఆయన దగ్గర ఉన్న అసలు గొంతు అదే. ముప్ఫై మంది పిల్లలు లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పిన గొంతు అది. ఆ నాటిక రాసినవాడెవడో మా అన్నయ్యలాంటి మాస్టరునే ఎక్కడో చూసి, ఆ ఇంగ్లీషునే తీసుకుని, దానికి గోధుమరంగు పూసి అమ్ముకున్నాడు. అన్నయ్య దాన్ని వేషం అనుకుని వేసుకున్నాడు. ఇప్పుడు విప్పుదామంటే కింద ఉన్నది కూడా అదే. ఆయన ఇంకేవో రెండు మూడు మాటలన్నాడు, బాగా చిన్న గొంతుతో. నాకు వినబడలేదు.

ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చారు. ఆ సంగతి చెప్పడానికి మేనేజర్ డాక్ మీదికి స్వయంగా వచ్చి, అందరి ముందూ భుజం మీద చెయ్యి వేసి, "నిన్ను ఆఫీసులో కూర్చోబెడితే వీళ్ళని నవ్వించేదెవరు? యూ ఆర్ ద హార్ట్ ఆఫ్ దిస్ ప్లేస్" అన్నాడు. ద్వేషంతో అనలేదు. ఆ మాట నేను ఎన్నోసార్లు తిప్పి తిప్పి చూశాను. ద్వేషం ఉంటే బాగుండేది, దాన్ని పట్టుకుని పోట్లాడవచ్చు. అతనికి మా అన్నయ్య మీద ఇష్టమే. అంత ఇష్టంతోనే పెట్టెల దగ్గర వదిలేశాడు.

అన్నయ్య ఆ వేసవిలో ట్రక్కు లైసెన్సు తీసుకున్నాడు. ఒక్కడే కూర్చునే పని, ఎవరితో మాట్లాడక్కర్లేని పని. టేపులు పారెయ్యలేదు. వాటి మీద పిల్లవాడికి కార్టూన్లు రికార్డు చేశాడు, ఒక్కొక్కటిగా, అన్నీ నిండేదాకా. కార్టూన్ ఆఖర్న ఒక్కోసారి ఆ మెట్ల ఇల్లు అర నిమిషం కనబడి, జనం నవ్వు వినబడి ఆగిపోయేది. నా క్విజ్ కూడా నేను మానేశాను. అది అయ్యాక వచ్చేది ఏమిటో తెలిసి ముందుది చూడబుద్ధి కాలేదు. అప్పటినుంచి అన్నయ్య ఇంగ్లీషు "ఓకే", "నో ప్రాబ్లం", "హ్యావ్ ఎ గుడ్ వన్" దగ్గర ఆగిపోయింది. ఇంట్లో కొడుకుతో ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడడు. వాడు ఇంగ్లీషులో అడిగితే ఈయన తెలుగులో చెబుతాడు.

మొన్న ఆయన గ్లాసుతో తిరిగి వచ్చేసరికి మేనల్లుడు ఉత్సాహంగా వెనక్కి తిరిగి, "డాడ్, మామ్ సేస్ యూ డిడ్ ద వాయిస్. కమాన్, జస్ట్ వన్స్!" అన్నాడు. వంటగది గుమ్మంలో వదిన చెయ్యి చీరకొంగు మీద ఆగిపోయింది.

"మర్చిపోయాన్రా," అన్నాడు అన్నయ్య. "అత్తకి టీ పెట్టమంటావా?"

కాసేపు చూసి వాడే టీవీ ఆపేశాడు. చూడలేనట్టు మొహం చిట్లించి, "క్రింజ్. గుడ్ థింగ్ దే పుట్ ద వార్నింగ్" అన్నాడు. వాడు మంచివాడు, మాట మంచిదే. బ్యాంకులో వాడి కింద చాలామంది పనిచేస్తారు. వాడి ఇంగ్లీషుకు ఎవరూ నవ్వరు, అది వాళ్ళ ఇంగ్లీషే కాబట్టి. రోజులు మారాయి, కాదనను. పలక దగ్గరికి వెళ్ళి తప్పు ఎక్కడుందో రాయడం వీళ్ళకు వచ్చింది. మా అన్నయ్య లెక్క మాత్రం గంట మోగినప్పటి నుంచి జవాబు లేకుండా అలాగే ఉంది.

ఆదివారం చర్చిలో ఎవరో ఒకరు అన్నయ్య చెయ్యి పట్టుకుని, "మీరు భలే పట్టుదల గలవారండీ, ఇన్నేళ్ళయినా ఇంట్లో పిల్లాడితో తెలుగే మాట్లాడతారటగా, మా వల్ల కాలేదు" అని మెచ్చుకుంటారు. ఆయన తల వంచుకుని నవ్వుతాడు. పక్కన నిలబడి మేనల్లుడు కూడా గర్వంగా నవ్వుతాడు. షెల్లీ పద్యాన్ని చూడకుండా చెబుతూ క్లాసు క్లాసంతా ఊపిరి బిగబట్టేలా చేసిన తన తండ్రి ఇంగ్లీషును వాడు ఇంతవరకూ వినలేదు.