తువ్వాలు కింద గిలక్కాయ

మొన్న ఆదివారం గుడివాడలో మా అక్క కూతురి ఇంటి వసారాలో కూర్చుని ఉండగా, దాని కూతురు తన పది నెలల పిల్లవాణ్ణి చాప మీద కూర్చోబెట్టి, వాడు చూస్తుండగానే గిలక్కాయను తువ్వాలు కింద దాచింది. ఏ నెలకు బిడ్డకు ఏం తెలియాలో ఫోనే వారం వారం చెబుతుందట ఇప్పుడు. వాడు ఒక్క క్షణం తెల్లబోయి చూసి, తువ్వాలు లాగి అవతల పారేసి, గిలక్కాయ పట్టుకున్నాడు. కనిపించకపోయినా వస్తువు ఎక్కడికీ పోదని వాడికి తెలిసిపోయిందని ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. మా అక్క కూతురు మాత్రం కొట్టలేదు. నా వంక ఒకసారి చూసి, పొయ్యి మీద పాలున్నాయంటూ లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద పాలేమీ లేవు.

మా రోజుల్లో ఇవన్నీ ఫోనులో కాదు, పుస్తకంలో ఉండేవి. మా ఇంట్లో హైస్కూలు దాటి చదివినదాన్ని నేనొక్కదాన్నే. బందరు హాస్టల్లో ఉండి టీచరు ట్రైనింగు చేస్తున్నానంటే మా వాళ్ళకు నేను కలెక్టరుతో సమానం. శిశు మనస్తత్వం పుస్తకం నాకు దాదాపు కంఠతా వచ్చు. ఏడేళ్ళ లోపు పిల్లలు కంటికి కనిపించిందే నమ్ముతారనీ, ఎదుటివారి మనసులో ఏముందో ఊహించలేరనీ, చావంటే వాళ్ళకు ఊరు వెళ్ళి రావడం లాంటిదేననీ అందులో ఉండేది. ఒక శనివారం దివిసీమలో అక్క వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు, అయిదో ఏడు నడుస్తున్న దాని కూతురి ముందు రెండు లోటాల్లో సమంగా నీళ్ళు పోసి, ఒక లోటాలోవి సన్నటి పొడుగు గ్లాసులోకి వంచి, ఎందులో ఎక్కువున్నాయని అడిగాను. పొడుగుదాంట్లోనే అంది. అచ్చం పుస్తకంలో ఉన్నట్టే అన్నందుకు నేను పొంగిపోతుంటే, చెంబెడు నీళ్ళతో నా పిల్లని వెర్రిదాన్ని చేస్తున్నావేమిటే అని అక్క నవ్వింది. అక్క నవ్వగా నేను వినడం అదే ఆఖరు.

ఆ వారంలోనే నాట్లు వేస్తుండగా అక్కను రక్తపింజరి కరిచింది. అవనిగడ్డలో చూపించి, అక్కణ్ణుంచి కారులో బందరు తీసుకువస్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. నేను వెళ్ళేసరికి పాపను పక్కింటికి పంపేసి ఉన్నారు. బావగారి ముఖం ఇప్పటికీ నా కళ్ళముందే ఉంది, ఆయన గుంజను పట్టుకుని నిలబడి, "నువ్వు చదువుకున్నదానివి, నువ్వే చెప్పమ్మా. పాపకి చెప్పాలా, వద్దా?" అన్నారు. శవపెట్టె మూసేలోగా పిల్లకు తల్లి ముఖం ఒక్కసారి చూపించమని మా అమ్మ బతిమాలింది. వద్దని అన్నది నేనే. ఈ వయసులో చావు అర్థం కాదు, అనవసరంగా జడుసుకుంటుంది, అమ్మ బందరు ఆసుపత్రిలో ఉందని చెబితే మెల్లగా తనే మరచిపోతుంది అని పాఠం అప్పజెప్పాను. ఇరవై ఏళ్ళ పిల్ల మాటను అంత శోకంలోనూ అందరూ విన్నారు, చదువు మీద అంత గౌరవం మరి.

ఆ తరవాత ప్రతి శనివారం బస్సు దిగేటప్పటికి నా చేతిలో రిబ్బనో, గాజులో, రబ్బరు బొమ్మో ఉండేది, అమ్మ పంపిందని చెప్పేదాన్ని. మొదట్లో అమ్మ ఎప్పుడొస్తుందని అడిగేది, నెల తిరక్కుండానే అడగడం మానేసింది. ఇచ్చినవి బుద్ధిగా అందుకుని, నా ముఖంలోకి అదోలా చూసి, లోపలికి పట్టుకుపోయేది. ట్రైనింగులో ఒక పిల్లనో పిల్లవాణ్ణో ఏడాదంతా గమనించి రికార్డు రాయాలి. చెప్పుకుంటే సిగ్గుచేటు, నేను మా అక్క కూతురి మీదే రాశాను. 'తల్లి ప్రస్తావన తేవడం లేదు, దాదాపు మరచిపోయినట్టే' అని నేను రాసిన చోట మా లెక్చరరుగారు ఎర్రసిరాతో బాగుంది అని రాశారు. ఆ ఎరుపు చూసుకుని మురిసిపోయాను కూడా.

ఈస్టరుకు ముందురోజు సమాధులకు సున్నం వేయడం మా క్రైస్తవుల ఇళ్ళలో ఆనవాయితీ. అక్క పోయి అప్పటికి ఎనిమిది నెలలు. బావగారికి చేతులు రాక, నేనే మధ్యాహ్నం బకెట్టు పట్టుకుని వెళ్ళాను. తలవైపు ఊడి ఉన్న ఇటుక సర్దబోతే దాని వెనక గూడులో పాత పౌడరు డబ్బా కనపడింది. మూత తీస్తే రిబ్బన్లు, గాజులు. ఒక్కటి కూడా వాడలేదు. బొమ్మ డబ్బాలో పట్టక పక్కన మట్టిలో పడుకోబెట్టి ఉంది. వెనక అలికిడైతే తిరిగి చూశాను. నా వెంటే వచ్చినట్టుంది, పాప గేటు దగ్గర నిలబడి ఉంది.

ఎందుకు పెట్టావమ్మా ఇక్కడ అని అడగబోయాను. అదే దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుని, ఎంతో మెల్లగా, నేనెక్కడ జడుసుకుంటానో అన్నట్టు చెప్పింది.

"అమ్మ చచ్చిపోయింది పిన్నీ. పక్కింటి కిటికీలోంచి నేను చూశాను. నీకెవరూ చెప్పలేదు కదా... నువ్వు ఏడుస్తావని నేను కూడా చెప్పలేదు."

చదవేస్తే ఉన్న మతి పోయిందన్న సామెత మా అమ్మ నన్ను ఒక్కనాడూ అనలేదు గాని, నాకు నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. ఆ రోజు సున్నం బకెట్టు పక్కన కూలబడి నేను ఏడుస్తుంటే, పాప నా వీపు నిమురుతూ నిలబడింది. తను ఏడవలేదు. ఏడవడానికి తన వంతు రానేలేదు. ఆ సంగతి మేమిద్దరం మళ్ళీ ఎన్నడూ ఎత్తుకోలేదు. రికార్డులో ఆ వాక్యమూ, ఆ ఎర్రసిరా అలాగే ఉండిపోయాయి.

ఇప్పుడు పుస్తకాలు మారాయట. మనం అనుకున్నదానికంటే పసివాళ్ళకు చాలా ఎక్కువే తెలుస్తుందని రాస్తున్నారట, మనవరాలు చదివి వినిపించింది. నాకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. కిటికీ దగ్గర నిలబడ్డ పిల్లను ఆ రోజు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది కదా!

పోయిన నెల నా కడుపునొప్పికి స్కానింగు తీయించారు. అక్క కూతురు లోపల డాక్టరుతో మాట్లాడి వచ్చి, "పుండేనట పిన్నీ, మందులకు తగ్గిపోతుందట" అని చెప్పి, నన్ను ఇక్కడికి తెచ్చుకుని, అడగకుండానే నాకిష్టమైనవన్నీ వండిపెడుతోంది. బీరువాలో చీరల కింద అది దాచిన రిపోర్టు నేను చదివాను. నాకు తెలుసని చెబితే ఏడుస్తుంది, అందుకని కాస్త తగ్గినట్టే ఉందే అని రోజూ చెబుతున్నాను. డెబ్బై దాటిన నాకే ఈ నెల రోజుల అబద్ధం మోయలేని బరువైపోయింది. అయిదేళ్ళైనా నిండని పిల్ల, ఎనిమిది నెలలు, ఎవరి ఒళ్ళోనూ తల పెట్టి ఏడవకుండా ఎట్లా మోసిందో.