ల్యాంపు లేని మస్టర్లు

మా అపార్టుమెంటు గేటు పక్కన ఒక ఇస్త్రీ బండి ఉంది. పొద్దున్నే అతను పెట్టెలో బొగ్గులు రాజేసి, ఎక్కువ మండినప్పుడు నాలుగు చుక్కల నీళ్లు చల్లుతాడు. నిజానికి అవి కట్టెబొగ్గులు, మా గని బొగ్గు వాసన వేరు. ఆ తేడా ముక్కుకు తెలుసు గానీ మనసుకు తెలియదు. ఆ తడి బొగ్గు వాసన తగలగానే నేను కొత్తగూడేనికి అవతల, అడవి అంచున ఉన్న మా గని గేటు ముందుకు వెళ్లిపోతాను. గేటు పక్కన చిన్న కిటికీ, కిటికీ వెనక నర్సయ్య సారు.

నర్సయ్య సారు ఆ గనిలో హాజరు గుమాస్తా. ఒక రోజు హాజరును మావాళ్లు మస్టరు అంటారు. మస్టరు పడితే ఆ రోజు కూలి వచ్చినట్టు, పడకపోతే లేనట్టు. అందుకే మా కాలనీలో డబ్బును రూపాయల్లో చెప్పేవాళ్లు తక్కువ. అమ్మ పండుగ చీర మూడు మస్టర్లు, అందరం భద్రాచలం వెళ్లి రావడం ఒక మస్టరు. సారు చాలా కచ్చితమైన మనిషి. షిఫ్టుకు ఆలస్యంగా వచ్చిన సొంత బావమరిదిని కూడా వెనక్కి పంపేశారు. దాంతో వారం రోజులు ఇంట్లో ఆయనకు ఉప్పు లేని కూరే దక్కిందని కాలనీ అంతా చెప్పుకుని నవ్వేది. చెప్తే ఆయనా నవ్వేవారు, మస్టరు మాత్రం వేసేవారు కాదు.

నాకు ఆరో తరగతి నుంచి లెక్కలు చెప్పింది ఆయనే. ఫీజు లేదు, తిట్లు మాత్రం బోలెడు. జవాబు ఒకటైతే చాలదు, ఇంకో దారిలో చేసి సరిచూసుకోవాలనేవారు. "రెండు పుస్తకాలు కలవకపోతే దాచొద్దు బిడ్డా, పైవాళ్లకు చెప్పాలె" అనేవారు. ఆ మాట నాకు ఎంత బాగా వంటబట్టిందో తర్వాత చెబుతాను.

ఎనభైల మొదట్లో నాకు ఇంజనీరింగులో సీటు వచ్చింది. మా నాయన ఆ గనిలోనే ఫిల్లరు, అంటే పేల్చిన బొగ్గును తట్టలతో ఎత్తి పట్టాల మీది టబ్బుల్లో నింపే మనిషి. దుమ్ముగూడెం దగ్గరి పల్లె నుంచి వచ్చి, పద్దెనిమిదేళ్లుగా అదే పని చేస్తున్నాడు. అప్పటికే మోకాళ్లు అరిగిపోయాయి. పనికి పనికిరాడని డాక్టరు రాసిస్తే ఆ ఉద్యోగం కొడుక్కి ఇచ్చే పద్ధతి ఉండేది. అమ్మ మనసంతా దాని మీదే ఉంది. ఏదీ తేలక నాయన నన్ను సారు వాళ్లింటికి తీసుకుపోయాడు. అమ్మ కూడా వెంట వచ్చింది.

"పోరడు ఇప్పుడే నౌకరిల చేరితే నెలనెలా జీతమొస్తది. ఈయన జర కూసుంటడు. గా చదువెందుకు సారూ?" అంది అమ్మ.

"ఉండమ్మా. ఉత్త మాటలెందుకు, లెక్క గడదాం" అని సారు ఒక పాత హాజరు కాగితం వెనక్కి తిప్పారు. ఫీజు, హాస్టలు, మెస్సు, పుస్తకాలు, రైలు చార్జీలు అన్నీ వేసి, నాయన కూలితో భాగించారు. నాలుగేళ్లకు నాలుగువందల ఇరవై మస్టర్లు వచ్చాయి. దాని కింద ఇంకో ఎనిమిదివందలు రాశారు.

"గివేంది?" అన్నాడు నాయన.

"పిల్లగాడు చదువుకుపోకుండ నౌకరిల చేరితే నాలుగేండ్లల్ల వాని తిండి ఖర్చు పోను మిగిలే మస్టర్లు. చదివితే అవి రావు గద. రానియి గూడ ఖర్చే."

"నా జేబులకు రానే రానియి ఖర్చెట్లయితయ్ సారూ?" అన్నాడు నాయన. అమ్మతో సహా అందరం నవ్వాం. సారు నవ్వకుండా లెక్క పూర్తి చేశారు. మొత్తం పన్నెండువందల ఇరవై. ఇంజనీరు ఒక్క రోజుకు రెండు మస్టర్ల జీతం తెస్తాడు, ఏడాదికి మూడువందల మస్టర్లు అదనం. నౌకరిలో చేరి నాలుగేళ్లు దాటగానే పెట్టినదంతా వెనక్కి వస్తుంది. ఆపైన ముప్ఫై ఏళ్లు మిగులే.

"మరి నీ మోకాళ్లు ఆగుతయా?" అని అడిగారు.

"ఆగుతయ్ తియ్. ఆగకపోతే నేనాపుత" అన్నాడు నాయన. అట్లా నేను కాలేజీకి వెళ్లాను.

మూడో ఏడాది సెలవులకు ఇంటికి వస్తే నాయన మంచం మీద ఉన్నాడు. కళ్లు పచ్చగా, మనిషి సగమైపోయాడు. కామెర్లట. రెండు నెలలు పల్లెలో ఉండి పసరు తాగి అప్పుడే వచ్చాడట. ఆ రెండు నెలలూ నాకు మనియార్డరు ఒక్క రోజు కూడా ఆలస్యం కాలేదు. "డబ్బులు ఎక్కడివే?" అని అమ్మను అడిగాను. "వచ్చినయ్ తియ్, నువ్వు మంచిగ సదువు" అంది. మళ్లీ అడగలేదు. అప్పు చేసి ఉంటారనుకున్నాను. అడిగితే చదువు ఆపాల్సి వస్తుందేమోనన్న భయం కూడా లోపల ఉండే ఉంటుంది.

డిగ్రీ అయ్యాక అదే గనికి ఎలక్ట్రికల్ ఇంజనీరుగా వచ్చాను. సారు కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి నా చెయ్యి పట్టుకుని ఊపారు. వెనక వరుసలో ఉన్నవాళ్లు షిఫ్టుకు ఆలస్యమవుతోందని అరుస్తున్నా వదల్లేదు. గనిలోకి దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే ల్యాంపులు, వాటి బ్యాటరీలు చూసుకోవడం నా పనిలో ఒక భాగం. ల్యాంపు తీసుకోకుండా ఎవరూ లోపలికి దిగలేరు. రెండో ఏడాది కొత్త బ్యాటరీలు ఎన్ని కావాలో తేల్చడానికి ల్యాంపు రూము పుస్తకాన్నీ హాజరు పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. ఒక ఫిల్లరుకు పదకొండు మస్టర్లు ఉన్నాయి. ఆ పదకొండు రోజులూ అతని పేరు మీద ల్యాంపు లేదు. రాత నర్సయ్య సారుది.

దొంగ మస్టరు అన్న మాట నా బుర్రకు తట్టనేలేదు. సారు తప్పు రాయరు కాబట్టి ల్యాంపు రూములోనే ఎక్కడో తప్పు జరిగి ఉంటుంది, విచారిస్తే అదే తేలుతుంది అనుకున్నాను. రెండు పుస్తకాలు కలవలేదు గనక పైవాళ్లకు చెప్పాలి. నీటుగా రిపోర్టు రాసి, సంతకం చేసి మేనేజరుకు ఇచ్చాను. ఆయన మెచ్చుకున్నారు కూడా.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ ఇంట్లో గొప్పగా చెప్పాను. నాయన ముద్ద నోటి దాకా తెచ్చి ఆపేశాడు.

"నాకు కామెర్లైనప్పుడు రెండు నెలలు నా పేరు మీద ల్యాంపెవడు తీసిండనుకున్నవ్ రా?"

ల్యాంపు ఎవరూ తీయలేదు, అయినా సారు మస్టర్లు వేశారు; నాకు వచ్చిన మనియార్డర్లు అవే. ఆ ఫిల్లరు కొడుకు పాలిటెక్నిక్‌లో చదువుతున్నాడని, ఆ పదకొండు రోజులూ తండ్రి దవాఖానాలో ఉన్నాడని నాయనకు ముందే తెలుసు. "నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. "చెప్తే సదువిడిచి వస్తవని సారే వద్దన్నడు" అన్నాడు. అన్నం వదిలేసి మేనేజరు దగ్గరికి పరుగెత్తాను. కాగితం అప్పటికే పైఆఫీసుకు పోయింది.

విచారణ రోజున పుస్తకాలు చూపించడానికి నన్నూ కూర్చోబెట్టారు. సారు రిటైరు కావడానికి ఏడు నెలలున్నాయి. పదకొండు మస్టర్లూ తనే వేశానని మొదటి ప్రశ్నకే ఒప్పుకున్నారు. పైసా తీసుకోలేదని చెప్పి, అడిగినా ఇంకేమీ చెప్పలేదు. చివరికి విచారణ అధికారి అడిగాడు.

"అంతకుముందు ఇంకెవరికైనా ఇట్లా వేశారా?"

బల్లకు ఇటు పక్కన నేనున్నాను. అవునంటే పాత పుస్తకాలు తీస్తారు, నాయన పేరు బయటికి వస్తుంది, వెనకే నా పేరూ వస్తుంది. సారు నా వైపు చూడలేదు.

"లేదు సార్. గిదొక్కటే" అన్నారు.

నేను లేచి చెప్పవచ్చు. ఆయన ఎందుకు అట్లా చేస్తారో చెప్పడానికి బతికున్న సాక్ష్యాన్ని నేనే. లేవకుండా, పుస్తకంలో అడిగిన పేజీ తీసి చూపించాను.

ఉద్యోగం తీసేశారు. రావలసిన డబ్బులో చాలా భాగం ఆగిపోయింది. ఆయన కల్లూరులో చెల్లెలి ఇంటికి చేరి, ఎరువుల దుకాణంలో లెక్కలు రాసేవారు. ఒకసారి వెళ్లాను. క్షమించమని అడుగుదామనే వెళ్లాను. ఆయన నాయన మోకాళ్లెట్లున్నాయని అడిగి, టీ తెప్పించి, "ల్యాంపు బుక్కు తోటి సరిచూసుడు మంచి ఉపాయం బిడ్డా, నాకే తట్టలే" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే మెచ్చుకున్నారు. తిట్టి ఉంటే నేను ఏడ్చి ఉండేవాణ్ని, అడగాల్సిందీ అడిగి ఉండేవాణ్ని. టీ తాగి బస్సెక్కాను. మళ్లీ వెళ్లేలోపు ఆయన పోయారు.

నేను ముప్ఫై ఏళ్లు ఇంజనీరుగా పనిచేశాను. జీతం, ప్రమోషన్లు, ఇప్పటి పెన్షను, ఈ ఇల్లు, ఏది తీసినా ఆ గదిలో ఆయన అన్న "లేదు" మీదే నిలబడి ఉంది. ఆ రోజు నేను లేచి "వేశారు, మా నాయనకు" అని ఉంటే మహా అయితే నా ఉద్యోగం పోయేది. ఇంత తేలిగ్గా ఆ మాట ఇప్పుడు రాస్తున్నానంటే, పోవడానికి నాకిక ఏ ఉద్యోగమూ లేదు కాబట్టే.