నిదానంగా నడిచిన ఓడ

పోయిన నెల ఒక పొద్దున పెనుకొండ నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. "పాపా, మీ చిన్నాన్నకు ఒంట్లో బాగలేదు. నిదానంగా రా," అంది. మా ఇంట్లో నిదానంగా రమ్మన్నారంటే, తొందరపడి చేసేదేమీ మిగల్లేదని అర్థం. అదే మాట ఒకప్పుడు ఆయనకు నేను చెప్పాను. ఫోన్ పెట్టేసి, విశాఖపట్నంలోని మా మేడ మీద నుంచి, రేవు బయట లంగరేసుకున్న ఓడలను చూస్తూ చాలాసేపు నిలబడిపోయాను.

మా చిన్నాన్న సరుకుల ఓడలో చీఫ్ ఇంజినీరు. పుట్టింది హిందూపురంలో. చెరువు నిండితే జనం కట్టకట్టుకుని చూడబోయే సీమ నుంచి పోయి, ఏడాదిలో ఎనిమిది నెలలు నీళ్ళ మీద బతికాడు. సెలవు దొరికితే బొంబాయిలో రైలెక్కి, ధర్మవరంలో దిగి ప్యాసింజరు పట్టుకునేవాడు. దారిలో తన ఇల్లున్న పెనుకొండ వచ్చినా దిగేవాడు కాదు. హిందూపురంలో మా ఇంటికొచ్చి వాళ్ళమ్మను, అంటే మా అవ్వను చూశాకే వెనక్కి వెళ్ళేవాడు. "పెండ్లాం ఇంట్లో ఎదురుచూస్తాంటే, రైల్లోంచి చెయ్యూపి ముందుకు పోయే మొగుడు ఈయప్ప ఒక్కడే," అని చిన్నమ్మ దెప్పేది.

నడిచే యంత్రం ఏది కనబడినా దాని మీద అరచేయి ఆనించడం ఆయన అలవాటు. గ్రైండరు, ఫ్రిజ్, నీళ్ళ మోటరు, ఆఖరికి బస్సు బానెట్టు కూడా. "చెవితో ఇనేది సగమే పాపా. చెయ్యి పెట్టి చూడు, దాని కష్టమేందో అదే చెప్తాది," అనేవాడు.

తొంభైలలో మా నాయన హిందూపురంలో పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీయించేవాడు. మా పొగగొట్టం నుంచి వచ్చే నల్లపొగకు వీధి వీధంతా తిట్టుకునేది. ఒక సెలవులో చిన్నాన్న గుమ్మంలో నిలబడి, చెప్పులైనా విడవకుండా అడిగాడు.

"ఏమన్నా, కట్టెలు కాలుస్తాండావా, గాలికి పారబోస్తాండావా?"

"పొయ్యి అన్నాక పొగ రాదా? పో, నీ ఓడను చూసుకో పోప్పా!"

"బాగా కాలితే వేడి, కాలకపోతే నలుపు. ఆ పైన పోయేదంతా నీ కట్టెలే."

ఆ సెలవంతా ఆయన ఆ పొయ్యి విప్పి కట్టడంతోనే సరిపోయింది. కింద గాలి ఆడేందుకు దారి పెట్టించాడు, ఉడికే తొట్లకు మూతలు చేయించాడు. పొగ పలచబడింది. మా నాయన ఎదుట మెచ్చుకోలేదు గానీ, "ఓడలో పనిలేక ఈడికొచ్చినాడు," అని అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు.

"ఇదేం పొగమ్మా! మా ఓడ రోజుకు ట్యాంకర్ల కొద్దీ నూనె తాగుతాది," అని చిన్నాన్న అవ్వకు చెప్పేవాడు.

"ఆ పొగంతా యాడికి పోతాది రా?"

"యాడికీ పోదు. పైననే నిలిచి మనల్ని ఉడకబెడతాది."

"అందుకేనేమో మనకు వానల్లేవు," అంది అవ్వ. మేమంతా పకపకా నవ్వాం. ఆయన నవ్వలేదు.

ఆయన బాధ ఏమిటంటే, ఓడలు ఊరికే ఉరుకుతాయని. ప్రాణం పోయేట్టు పరుగెత్తి రేవు చేరతాయి, తీరా అక్కడ చోటు ఖాళీ ఉండదు. రోజుల తరబడి బయట పడి ఉంటాయి. "మోకాటి లోతు నీళ్ళలో నడిస్తే నీళ్ళు దారిస్తాయి, ఉరికితే కాళ్ళు పట్టుకుంటాయి. ఓడకైనా అంతే. రవ్వంత వేగం తగ్గిస్తే ఎంత నూనె మిగులుతుందో! ఆడికి పోయి నిలబడేదానికి ఈ పరుగెందుకు?" అనేవాడు. రెండువేల సంవత్సరం దాటాక రెండేళ్ళపాటు ఆఫీసు వాళ్ళతో పోట్లాడాడు. ఇంజను మసి పట్టి చెడిపోతుందని వాళ్ళు భయపెడితే, రోజూ కాసేపు జోరుగా నడిపి మసి వదిలిస్తానని రాసిచ్చాడు. సీమ మనిషికి ఎద్దులబండే అలవాటని ఎగతాళి చేశారు. చివరకు ఆయన పనిచేసే ఒక్క ఓడను, ఒక్క ప్రయాణం, ఆయన చెప్పినట్టు నడపడానికి ఒప్పుకున్నారు.

ఆ ఓడ బొంబాయికి తిరిగొస్తున్నప్పుడే అవ్వకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చాం. అవ్వది ఒక కట్టుబాటు. "నీళ్ళ మీదుండే మనిషికి చెడ్డమాట చెప్పకూడదు. దిగి రాలేడు, ఊరికే కుమిలిపోతాడు," అనేది. తన సంగతికీ అదే మాట మీద నిలబడింది. ఓడ నుంచి ఫోన్ వచ్చేసరికి ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

"అమ్మ ఎట్లుండాది పాపా?"

"బాగుండాది చిన్నాన్నా. నువ్వు నిదానంగా రా."

"సరే," అన్నాడు.

ఎన్నడూ ఎవరూ ఆయనకు స్టేషనుకు ఎదురెళ్ళింది లేదు. ధర్మవరం ప్లాట్‌ఫారం మీద నన్ను చూడగానే ఆగిపోయాడు.

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున. సాయంత్రమే మట్టి చేసేసినారు చిన్నాన్నా."

ప్యాసింజరులో నా ఎదురుగా కూర్చున్నాడు. అవ్వకు ఎప్పుడూ తెచ్చే నొప్పుల మందు సీసా ఒళ్ళో ఉంది. జీవితమంతా నిదానం నిదానమని చెప్పిన మనిషి, పెనుకొండ దాటాక పసిపిల్లాడిలా అడిగాడు. "ఏం పాపా, ఈ రైలు ఇంత నిదానంగా పోతాంది?" నాకు ఏడుపు ఆగలేదు. స్టేషన్ నుంచి నేరుగా సమాధి దగ్గరికే వెళ్ళాం. తడి ఆరని ఆ మట్టి మీద అరచేయి ఆనించి, చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాడు.

ఆ ప్రయాణంలో నూనె మిగిలింది, ఇంజనుకూ ఏమీ కాలేదు. తర్వాత కంపెనీ మిగతా ఓడలనూ అలాగే నడిపింది. వాళ్ళిచ్చిన మెచ్చుకోలు కాగితాన్ని ఆయన గోడకు తగిలించలేదు. నేను మాత్రం ఏళ్ళపాటు ఆయన మొహంలోకి సూటిగా చూడలేకపోయాను. ఉద్యోగం మానేశాక ఒకరోజు పెనుకొండలో అరుగు మీద కూర్చున్నప్పుడు ఆ మాట తనే ఎత్తాడు.

"ఆ పొద్దు కెప్టెన్ నన్నడిగినాడు పాపా. ఇంట్లో బాగలేకుంటే చెప్పు, వేగం పెంచుదామని. నీ గొంతులోనే నాకు తెలిసిపోయింది. మొదటిసారే పరుగెత్తితే, ఇది కాని పనని ఆఫీసు వాళ్ళు ఎత్తేస్తారని భయపడినా. నీ మాట నిజమైతే బాగుండునని నమ్మేసినా. ఆ తప్పు నాది. నువ్వు మోయొద్దు."

పోయిన నెల చిన్నమ్మ ఫోన్ వచ్చాక నేను బయల్దేరి పెనుకొండ చేరేసరికి మరునాటి మధ్యాహ్నమైంది. చిన్నాన్నను చల్లగా ఉంచే అద్దాల ఫ్రీజరు పెట్టెలో ఉంచారు. "ఎండ ముదరకముందే తీసేద్దామని అందరూ ఒకటే గోల. నేను ఒప్పుకోలేదు," అంది చిన్నమ్మ నన్ను పట్టుకుని. "ఆయన వాళ్ళమ్మను చూసుకోలేకపాయె. నువ్వన్నా చూసుకో పాపా."

పెట్టె మీద అరచేయి ఆనించాను. అడుగున మోటరు రొప్పుతూ వణుకుతోంది. చూస్తే పూలదండ కొస ఒకటి మూతలో ఇరుక్కుని ఉంది, ఆ సందులోంచి చల్లదనమంతా బయటికి పోతోంది. దండను లోపలికి నెట్టి మూత సరిగా వేశాను. కాసేపటికి మోటరు నెమ్మదించింది. చేయి మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను.