పదవీ విరమణ చేసిన మాటలు

రాజ్యాలు పడిపోయిన తేదీలను పుస్తకాలు భద్రంగా రాసిపెట్టుకుంటాయి. మాటలు పడిపోయిన తేదీలను ఎవరూ రాసిపెట్టరు. అందుచేత చైనాలోని చాంగ్షా నగరంలో, బియ్యపు సేమ్యా అమ్మే హోటలు మీద నాలుగో అంతస్తులో, 403వ నంబరు గదిలో, 2009 మార్చి తొమ్మిది సోమవారం ఉదయం పదింటికి ‘ఇంపార్టెంట్’ అనే ఇంగ్లీషు మాట పదవీ విరమణ చేసిందన్న సంగతి లోకానికి తెలియకపోవడంలో వింత లేదు. ఆ సభకు పద్నాలుగు మంది హాజరయ్యారు. అధ్యక్షత వహించినవారు థాన్ షౌయీ మాస్టారు.

కార్యక్రమం క్లుప్తంగా జరిగింది. ఒక విద్యార్థిని ఆ మాటను గట్టి అట్టచీటీ మీద గుండ్రటి అక్షరాలతో రాసింది. అందరూ లేచి నిలబడి దాన్ని చివరిసారిగా పైకి చదివారు. తరువాత మాస్టారు ఆ చీటీని ఒక రేకు డబ్బాలో వేసి మూత పెట్టారు. మూత మీద పెద్ద ఎర్రపూలు, నిండు చంద్రుడు ఉన్నాయి. అంతకు ముందు శరదృతువులో మాస్టారి ఇంటికి పండగ మిఠాయి వచ్చిన డబ్బా అది. ఆ రోజు నుంచి 403లో ఎవరైనా వ్యాసంలో ఆ మాట వాడితే గదిలో అందరికీ కారం పట్టించిన ఎండు తోఫూ తెచ్చిపెట్టాలి. మొదటి నెలలో అందరికీ కడుపులో మంట పట్టింది గాని, మాట మాత్రం మళ్ళీ తలెత్తలేదు.

పై దేశాలకు చదువుకో కొలువుకో పోవాలనుకునేవాళ్ళు ఒక పరీక్ష రాయాలి. అందులో నలభై నిమిషాల్లో ఇంగ్లీషులో ఒక వాదం నిలబెట్టాలి. తొమ్మిదికి మార్కులు. ఇతర విభాగాలలో గట్టెక్కినవాళ్ళు కూడా ఈ వ్యాసం దగ్గర అయిదున్నరలో కూరుకుపోతారు. థాన్ మాస్టారు దీనికి కారణం కనిపెట్టారు. మాటల్లో హోదాలు ఉన్నాయి. గుమాస్తా మాటలు, జిల్లా అధికారి మాటలు, మంత్రి మాటలు. ‘మెనీ’ గుమాస్తా. అదే అర్థం ఉన్న ‘ప్లెథోరా’ మంత్రి. గుమాస్తాలను పంపి రాయబారం నడిపితే తెల్లదొర గుమ్మంలోనే నిలబెట్టి పంపేస్తాడు. మంత్రులను పంపితే కుర్చీ వేస్తాడు. కాబట్టి గుమాస్తాలందరికీ విశ్రాంతి ఇవ్వవలసిందే. ‘గుడ్’, ‘బ్యాడ్’, ‘బిగ్’, ‘థింక్’, ‘పీపుల్’... వారానికి ఒకటో రెండో చొప్పున డబ్బాలోకి దిగాయి. ఖాళీ అయిన ఒక్కొక్క కుర్చీకీ నలుగురేసి మంత్రులను కంఠస్థం చేయించారు.

మాటలతో పని పూర్తికాలేదు. అదే ఏడాది మాస్టారు ఒక వాక్యం కూడా నిర్మించారు. దాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: “సాంకేతిక ప్రగతి అప్రతిహతంగా పురోగమిస్తున్న సమకాలీన సమాజ నేపథ్యంలో, ఈ అంశంపై నిస్సందేహంగా ప్రజ్వరిల్లుతున్న వాదోపవాదాల జ్వాల నానాటికీ మిన్నంటుచున్నది.” ఈ వాక్యపు గొప్పతనం ఏమిటంటే ఇది ఏ అంశానికైనా పనికొస్తుంది. చెట్ల పెంపకానికీ, జైళ్ళ సంస్కరణకూ, పిల్లల బొమ్మలకూ ఒకేలా అమరుతుంది. దీన్ని మొట్టమొదట వాడిన అమ్మాయికి ఏడు వచ్చింది. ఆ అమ్మాయి తల్లి విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు పాఠాలు చెబుతుందన్న విషయాన్ని మాస్టారు అప్రస్తుతంగా భావించారు.

ఇంట్లో ఈ సిద్ధాంతానికి ఆదరణ తక్కువ. భార్య లియావ్ పెయ్‌జెన్ ఆసుపత్రి మందుల కిటికీలో పనిచేస్తుంది.

“నేను రోజుకి నాలుగొందల పొట్లాల మీద ‘మూడు పూటలా, తిన్నాక’ అని రాస్తాను. దాని బదులు ‘భోజనానంతర సముచిత సమయమున’ అని రాశాననుకో, సాయంత్రానికి ఎంతమంది బతికుంటారు మాస్టారూ?”

“అది పొట్లం. ఇది వ్యాసం.”

“సరే, నా గుండీల డబ్బా ఎప్పుడిస్తావు?”

ఆ డబ్బాను ఆవిడ గుండీల కోసం దాచుకుంది. పదిహేనేళ్ళుగా గుండీలు ప్లాస్టిక్ సంచీలో ఉన్నాయి.

ఇలా సాగిపోతున్న చరిత్రకు పదహారో ఏట అడ్డు తగిలింది. రోడ్డుకు అవతల కొత్తగా తెరిచిన శిక్షణ కేంద్రం వాళ్ళు తమ మాస్టార్ల మార్కులను గుమ్మం దగ్గర అద్దంలో పెట్టి వేలాడదీశారు. మరుసటి సోమవారం డైరెక్టర్ ఓయాంగ్ అందరినీ పిలిచాడు. ఆయన దవడలో ఎప్పుడూ ఒక వక్క ఉంటుంది. చెడ్డకబురు చెప్పేటప్పుడు దాన్ని రెండో దవడకు మారుస్తాడు. ఆ రోజు మార్చాడు.

“మీరందరూ పరీక్ష రాయాలి. వ్యాసంలో ఏడు దాటినవాళ్ళు పైన ఉంటారు. దాటనివాళ్ళు సెప్టెంబరు నుంచి కింద పిల్లల విభాగం. థాన్ గారూ, మీకు చెప్పనక్కర్లేదనుకోండి. తొమ్మిదికి తొమ్మిది తెస్తారేమోనని నా భయం. అద్దం చట్రం పట్టదు.”

థాన్ మాస్టారు నవ్వారు. ఆయన ఆ పరీక్ష ఎన్నడూ రాయలేదు. ఈత రాని గురువు ఒడ్డున నిలబడి పదహారేళ్ళు ఈత నేర్పాడు. ఇప్పుడు చొక్కా విప్పమన్నారు. నాలుగో అంతస్తు, 403, కిటికీ పక్క బల్ల, “థాన్ మాస్టారి దగ్గర సీటు దొరికిందట” అని చెప్పుకునే తల్లులు... ఆయనకు ఉన్నదల్లా అదే. కింది అంతస్తులో కుర్చీలు మోకాలి ఎత్తు ఉంటాయి.

రెండు నెలలు తెల్లవారుజామునే నదిగట్టు మీదికి వెళ్ళి తన నోట్సు తానే బట్టీ పట్టారు. అక్కడ తైచీ వ్యాయామం చేసుకునే ముసలమ్మ ఒకావిడ నాలుగు రోజులు ఓర్చుకుని, అయిదో రోజు అడిగింది.

“ఎవరితో పోట్లాడుతున్నావు నాయనా పొద్దున్నే?”

“వాదం అభ్యాసం చేస్తున్నానండీ.”

“పెళ్ళయిందా?”

“అయింది.”

“మరి అభ్యాసం దేనికి?”

మే నెలలో ఒక శనివారం నాడు పరీక్ష. విశ్వవిద్యాలయం మెట్ల దగ్గర వరసలో నిలబడితే, ఎవరో చెయ్యి పట్టి లాగారు. షియాంగ్ యున్‌జీ. ఎముకల వార్డులో నర్సు. ఐర్లండులో ఒక ఆసుపత్రి ఉద్యోగం ఇస్తానంది, వ్యాసంలో ఆరున్నర తెస్తే. మూడుసార్లు అయిదున్నర తెచ్చింది. ఏడాదిన్నరగా 403లో మూడో వరస.

“మాస్టారూ! మీరేంటిక్కడ?”

“ఏర్పాట్లు ఎలా ఉన్నాయో చూడ్డానికొచ్చాను.”

“చేతిలో హాల్ టికెట్టుంది?”

“లోపలిదాకా చూడాలంటే అది కావాలి.” మాస్టారు మాట మార్చారు. “వాక్యం వచ్చా?”

“రాత్రి డ్యూటీ చేసి ఇటే వచ్చాను మాస్టారూ. తుంటి విరిగినవాళ్ళు ముగ్గురు. తలలో ఏమీ లేదు, గంట మోగుతోందంతే.”

మాస్టారు జాలిపడ్డారు. సరిగ్గా అప్పుడే ముందు వరసలోంచి ఆయనకు చిరపరిచితమైన ధ్వని వినిపించింది. హెంగ్యాంగ్ యాసలో ఒక కుర్రవాడు కళ్ళు మూసుకుని వల్లిస్తున్నాడు: “సాంకేతిక ప్రగతి అప్రతిహతంగా...” వాడి పక్కన ఇంకొకడు అందుకున్నాడు. వెనక స్తంభానికి ఆనుకున్న అమ్మాయి ఫోనులో చూసి అదే చదువుతోంది. మెట్ల మీద, చెట్ల కింద, నీళ్ళ సీసాల బండి దగ్గర, ఆయన ఎన్నడూ మొహం చూడని పిల్లలు, ఆయన వాక్యం. మాస్టారి కళ్ళు చెమర్చాయి. కుర్రవాడు ‘నిస్సందేహంగా’ను మింగేయడంతో ఉండబట్టలేకపోయారు.

“బాబూ, మధ్యలో ఒక మాట వదిలేశావు. ‘నిస్సందేహంగా’.”

కుర్రవాడు ఒక కన్ను తెరిచి ఎగాదిగా చూశాడు. “అంకుల్, మీకెందుకు? ఇది ఏడు మార్కుల వాక్యం. మా సీనియర్ పంపాడు. మీకూ కావాలంటే పంపిస్తా, ముందు మీది చూసుకోండి.”

“నా దగ్గరుంది.”

“అందరి దగ్గరా ఉంటుంది లెండి.”

ఈ చివరి మాటలోని లోతును మాస్టారు ఆ క్షణాన గ్రహించలేదు. ఆయన ఉప్పొంగిపోయి ఉన్నారు.

వ్యాసం అంశం: బడిలో పిల్లలకు వంట నేర్పాలా, అక్కర్లేదా. మాస్టారు వాక్యంతో ఆరంభించారు. దాని వెనక మంత్రివర్గం మొత్తాన్ని దింపారు. కోడిగుడ్డు అట్టు వేసుకోవడం గురించి నాలుగు వందల మాటలు రాస్తే, అందులో గుమాస్తా ఒక్కడు లేడు. బయటికి వచ్చాక రెండు గిన్నెల సేమ్యా తిన్నారు.

రెండు వారాలకు ఫలితం వచ్చింది. వినడంలో ఎనిమిదిన్నర. చదవడంలో ఎనిమిదిన్నర. మాట్లాడడంలో ఏడు. వ్యాసం అయిదున్నర.

మాస్టారు కంప్యూటరు ఆపి, మళ్ళీ పెట్టి చూశారు. అయిదున్నర మారలేదు. పెయ్‌జెన్ వెనక నిలబడి చూసింది. వెక్కిరించడానికి ఇంతకన్నా మంచి అవకాశం పాతికేళ్ళ కాపురంలో రాలేదు. అయినా వంటింట్లోకి వెళ్ళి పుచ్చకాయ కోసుకొచ్చింది. అదే మాస్టారిని ఎక్కువ భయపెట్టింది.

“దిద్దినవాడెవడో కొత్తవాడు,” అన్నారు.

“తిను.”

“పునర్మూల్యాంకనానికి పెడతాను.”

“పెట్టు. ముందు తిను.”

పెట్టారు. జవాబు రావడానికి ఆరు వారాలు పడుతుందన్నారు. ఆ మధ్యలో యున్‌జీ లిచీ పండ్ల బుట్టతో 403కి వచ్చింది. ఆరున్నర వచ్చిందట.

“అంతా మీ చలవే మాస్టారూ.”

“వాక్యం గుర్తొచ్చిందా?”

“ఎక్కడ! ఒక్క ముక్క రాలేదు. మా వార్డులో ఒక తాత ఉన్నాడు, భార్య పోయాక వంట రాక ఎండు నూడుల్స్ మీదే బతికి ఎముకలు గుల్లచేసుకున్నాడు. ఆయన గురించి రాసేశాను. అన్నీ గుమాస్తా మాటలే. సిగ్గేసింది.” ఆమె గొంతు తగ్గించింది. “మాస్టారూ, వాక్యం కూడా గుర్తుండి ఉంటే ఏడు వచ్చేదేమో, కదా?”

మాస్టారు ఒక లిచీ వలిచి, గింజ వేరు చేసి, నోట్లో వేసుకున్నారు.

“పండ్లు తియ్యగా ఉన్నాయి,” అన్నారు.

జులైలో నగరంలో ఉపాధ్యాయులకు ఒక సదస్సు జరిగింది. పూర్వం ఆ పరీక్ష పేపర్లు దిద్దిన ఒక విదేశీ మహిళ వచ్చి తెర మీద బొమ్మలు చూపిస్తూ మాట్లాడింది. ఒకచోట ఆగి, “కొన్ని వాక్యాలు ఉన్నాయి. అవి కనిపించగానే ఈ మనిషి సొంతంగా రాయడం లేదు, ఎక్కడినుంచో ఎత్తాడు అని మాకు అర్థమైపోతుంది” అంది. తెర మీద పట్టిక పడింది. మొదటి వరసలో మాస్టారి వాక్యం. ‘నిస్సందేహంగా’తో సహా, పూర్తిగా.

“దీన్ని నేను వేలసార్లు చదివాను. మొదట ఎవరు రాశారో తెలియదు. కలవాలని మాత్రం చాలా కోరిక,” అంది ఆమె. హాలంతా గొల్లున నవ్వింది.

మూడు వందల మందిలో చెయ్యి ఎత్తనివారు మూడు వందల మంది. అలవాటు కొద్దీ మాస్టారు తెర మీది వాక్యాన్ని నోటు పుస్తకంలో ఎక్కించుకున్నారు. సగం రాశాక ఆపేశారు.

ఆగస్టు మొదట్లో పునర్మూల్యాంకనం జవాబు వచ్చింది. అయిదున్నర. డైరెక్టర్ ఓయాంగ్ వక్కను అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు, రెండుసార్లు మార్చాడు.

“థాన్ గారూ, దిద్దినవాళ్ళకి మీ స్థాయి అందలేదు. నాకు తెలుసు. కానీ అద్దంలో పెట్టలేనుగా.”

“వాళ్ళకి బాగానే అందింది,” అన్నారు మాస్టారు. “ఇంకెవరో రాసింది నేను ఎత్తేశాననుకున్నారు.”

“ఎవరిది?”

“నాదే.”

ఓయాంగ్‌కు ఇది అర్థం కాలేదు. అర్థమైనట్టు తల ఊపాడు.

పిల్లల విభాగానికి మూడు వందల మాటల పట్టిక ఉంది. ఒక్కొక్క మాటకూ ఒక అట్టచీటీ కావాలి. కొత్తవి తెప్పిస్తే నవంబరుకు గాని రావని ఆఫీసు గుమాస్తా చెప్పాడు. ఆ సాయంత్రం మాస్టారు 403 ఖాళీ చేసి, డబ్బాను ఇంటికి తెచ్చి, భోజనాల బల్ల మీద బోర్లించారు. పదహారేళ్ళ చీటీలు. గట్టి అట్ట, గుండ్రటి అక్షరాలు, ఒక్క మడత లేదు. పెయ్‌జెన్ కళ్ళద్దాలు పెట్టుకుని పట్టిక చదువుతుంటే ఆయన ఏరసాగారు.

“బిగ్.”

“ఉంది.”

“గుడ్.”

“ఉంది.”

“పీపుల్.”

“ఉంది. రెండున్నాయి. ఒకసారి తప్పించుకుని మళ్ళీ దొరికింది.”

పది గంటలకు లెక్క తేలింది. మూడు వందలలో రెండు వందల డెబ్బై ఒకటి డబ్బాలోనే ఉన్నాయి. ‘ఇంపార్టెంట్’ చీటీ చేతిలోకి వచ్చినప్పుడు పెయ్‌జెన్ పట్టికను రెండుసార్లు వెతికింది. “ఇది ఈ ఏడాదికి లేదు. పై తరగతిలో వస్తుందట.” మాస్టారు దాన్ని జేబులో వేసుకుని, ఖాళీ డబ్బాను ఆవిడ వైపు జరిపారు. ఆవిడ లేచి గుండీల సంచీ తెచ్చుకుంది.

సెప్టెంబరు ఒకటిన కింది గదిలో, మోకాలి ఎత్తు కుర్చీల మధ్య, ఇరవై రెండు మంది అయిదేళ్ళవాళ్ళు కూర్చుని ఉన్నారు. మాస్టారు బల్ల మీద చీటీల కట్ట పెట్టుకుని పుస్తకం తెరిచారు. మొదటి పాఠం బాతు. పదహారేళ్ళ వాదోపవాదాల్లో ఆ మాట ఎవరికీ అవసరపడలేదు గనక, ఆ చీటీ ఆయన అప్పటికప్పుడు రాసుకోవలసి వచ్చింది.