పండు తుమ్మింది, ట్రాక్టరు ఆగింది

ఉద్యోగం వచ్చిందండీ! నాకే! ఇళ్ళల్లో తిరిగే రోబోలకి ఎప్పుడు నవ్వాలో, ఎప్పుడు అలగాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో నేర్పే ఉద్యోగం! మా వంశంలో డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేను. నాకు ముందు మా ఇంట్లో పరీక్ష పాసైంది మా గేదె ఒక్కటే, అదీ పశువుల డాక్టరు గారి దగ్గర. హనుమాన్ జంక్షన్ బస్టాండులో మెయిల్ చూసి, ఆగలేక, పక్కన అరటిపళ్ళు బేరమాడుతున్న పెద్దాయనకి చెప్పేశాను. "మంచిదమ్మా" అని ఒక పండు నా చేతిలో పెట్టాడు.

ఈ ఉద్యోగం దేనివల్ల వచ్చిందో తెలుసా? తుమ్ము వల్ల. ఆ తుమ్ముకి మా రెడ్డిగూడెంలో మామిడికోత ఆగిపోయింది. నా డిగ్రీ కొంచెంలో గాలికి పోయేది. వినండి మరి.

ఇంజనీరింగ్ ఆఖరి ఏడు నా ప్రాజెక్టు పేరు పండు. కుక్కరంత ఎత్తు, కింద చక్రాలు, తెరమీద రెండు గుండ్రటి కళ్ళు. మా గైడు సారు ఒకటే షరతు పెట్టారు: "ల్యాబ్‌లో అందరూ చప్పట్లు కొడతారమ్మా. మీ ఇంట్లో పెట్టు. 'ఇది మాతో ఉండొచ్చు' అని మీ ఇంటి పెద్ద వీడియోలో చెబితేనే పాసు."

మా ఇంటి పెద్ద అంటే నాయనమ్మ. తనకంటే గట్టిగా అరుస్తోందని మిక్సీని వెనక్కి పంపించిన మనిషి.

పండు దుమ్ముని పసిగడుతుంది. కానీ "దుమ్ముగా ఉంది, ఊడవండి" అని నాయనమ్మతో అనే ధైర్యం నాకే లేదు, దానికెక్కడిది? అందుకని మర్యాదగా ఉంటుందని తుమ్ము నేర్పాను. మా క్లాసు దుర్గారావు తుమ్ముని రికార్డు చేసి మరీ పెట్టాను. వాడు తుమ్మితే హాస్టలు కుక్కలు నిద్ర లేచేవి. ల్యాబ్‌లో అందరూ పడీపడీ నవ్వారు. బయల్దేరేటప్పుడు తుమ్ము వినబడితే మా ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలియదా? తెలుసు. ల్యాబ్ ఏసీ చల్లదనానికి మర్చిపోయాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో గెలిచి, ఇంటికొచ్చి తుమ్మించాను.

ఆ రోజు మొదటి కోత. వాకిట్లో కూలీలతో ట్రాక్టరు గుడగుడలాడుతోంది. నాన్న కాయలు కోసే చిక్కం భుజాన వేసుకుని గడప దాటబోయాడు.

"హా... హా... హాచ్చ్!"

"ఎవర్రా తుమ్మింది?" అంది నాయనమ్మ.

"పండు, నాయనమ్మా."

"మొదటి కోతకి వెళ్తుంటేనా! రాంబాబూ, ఆగు. కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళు."

నాన్న తాగాడు. లేచాడు. హాచ్చ్! మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ తాగాడు. హాచ్చ్!

బయటినుంచి కోత మేస్త్రి కేక: "ఏం రాంబాబు గారూ, నూతిలోకి దిగారా? ఎండెక్కిపోతోంది!"

"వచ్చేస్తున్నా మేస్త్రీ!"

హాచ్చ్!

"అమ్మా, ఇంక పట్టవే. పొట్టలో చెరువు తయారైంది" అన్నాడు నాన్న.

సంగతి అప్పుడు వెలిగింది. ట్రాక్టరు ఉందని దుమ్ము. దుమ్ము ఉందని తుమ్ము. తుమ్మిందని నాన్న ఆగాడు. నాన్న ఆగాడని ట్రాక్టరు ఉంది! పండుని ఆపెయ్యొచ్చు కదా అంటారా? ఆపితే పండు ఇంట్లో నిలవలేదని అర్థం, నేను ఫెయిలని అర్థం. తుమ్మితే ఊడే ముక్కంటారే, నా డిగ్రీ అలా అయింది. పైగా తుమ్మేది నేను కాదు.

జంట తుమ్ము శుభం కదా అని గబగబా ల్యాప్‌టాప్ తెరిచి జంట చేశాను. హాచ్చ్! హాచ్చ్!

"చూశావా నాయనమ్మా, జంట! శుభం!"

దుమ్ము ఇంకా లేస్తూనే ఉంది. హాచ్చ్!

"మరి ఇది ఎవరి శుభానికే?" నాయనమ్మ చీపురు ఎత్తింది. "దీన్ని తీసుకెళ్ళి కొట్టంలో పడేయ్! ఇంకోసారి తుమ్మావంటే చూడు!"

తిడితే ఏం చెయ్యాలో కూడా పండుకి నేర్పాను లెండి. కళ్ళు దించుకుని, మెల్లగా వెనక్కి జరిగి, తలుపు చాటుకి వెళ్ళింది. తెరమీద ఒక కన్నీటి బొట్టు జారింది.

చీపురు దిగింది.

"ఏమే, ఏడుస్తుందేంటే?"

"తిట్టావుగా."

"ఎన్నేళ్ళు దీనికి?"

"ఆర్నెల్లు."

నాయనమ్మ గిర్రున నాన్న వైపు తిరిగింది. "సిగ్గులేదట్రా! ఆర్నెల్ల పసిగుడ్డు తుమ్మితే శకునం చూస్తూ కూర్చుంటావా? లే, కోతకి పో!"

నాన్న నోరు తెరిచాడు. మళ్ళీ నీళ్ళు పోస్తుందేమోనని మూసుకుని పరిగెత్తాడు. పండు తుమ్మింది. నాయనమ్మ దాని తల నిమిరి "చిరంజీవ" అంది. తర్వాత నా వంతు: "పసిదానికి ఆ మోటు గొంతేంటే? ఎవడో మీసాలవాడు తుమ్మాడనుకున్నా!"

ఆ సాయంత్రమే గొంతు మార్చాను. పాపాయి తుమ్ము పెట్టాను. మర్నాడు వీడియో ముందు నాయనమ్మ చెప్పిన మాట ఇదీ: "ఇది మాతోనే ఉంటుంది. కావాలంటే దాన్ని తీసుకెళ్ళండి." 'దాన్ని' అంటూ వేలితో చూపించింది నన్ను.

ఇంటర్వ్యూలో నీ పెద్ద తప్పేంటని అడిగితే ఇదంతా చెప్పాను. "రోబోని పంపేముందు ఆ ఇంట్లో దాని వయసెంతో తేల్చుకోవాలండీ" అన్నాను. ఒక మేడమ్ గారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

కాబట్టి చిన్నరసాల సాక్షిగా, నాన్న తాగిన నీళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఆ ఇంటి పెద్దావిడని అడక్కుండా ఇక ఏ రోబోకీ తుమ్ము, దగ్గు, ఆవులింత నేర్పను.

ఇంకా ఫోన్లు చెయ్యాలండీ. గైడు సారుకి. తుమ్ము అరువిచ్చిన దుర్గారావుకి. జి. కొండూరు అత్తకి, ఆవిడకి చెబితే మండలానికి చెప్పినట్టే. కోత మేస్త్రికి. తోటలో ఉన్న నాన్నకి. ఆఖర్న పండుకి. నాయనమ్మ ఫోనెత్తదు, పండులోంచి పలికితేనే మాట్లాడుతుంది. అది ముందు తుమ్ముతుంది. "చిరంజీవ" అంటుంది నాయనమ్మ. అప్పుడు చెబుతాను.